మర్యాద నేర్చిన రేడియో

తుఫాన్లు చూసిన రేవు మాది. వాయుగుండం వార్త వింటే, ఈసారి ఎక్కడ తీరం దాటుతుందో అని టీ తాగుతూ తీరిగ్గా వాదించుకునే మనుషులు మావాళ్ళు. అలాంటి రేవుని ఒక మధ్యాహ్నం, ఆకాశంలో మబ్బు తునకైనా లేనప్పుడు, కొబ్బరాకు కూడా కదలనప్పుడు, మొత్తానికి మొత్తం గుండెలు బాదుకునేలా చేసిన ఘనుడు ఒకడున్నాడు. వాడి మూలంగా బోట్లన్నీ సముద్రం వైపు పరుగెత్తాయి. ఐసు కరిగి నీరైంది. టీ కొట్టు మూతపడింది. ఆడవాళ్ళు ఏడ్చారు, మగవాళ్ళు ఏడుపు మింగారు. ఆ ఘనుడి పేరు అడక్కండి. వాడు రాసిందే మీరిప్పుడు చదువుతున్నారు.

సెల్‌ఫోన్లు పల్లెటూళ్ళలోకి వచ్చిన కొత్తల మాట ఇది. ఐ.పోలవరం దాటి ఇంకా కిందికి వస్తే, గోదావరి పాయ సముద్రంలో కలిసే మొగకి దగ్గర్లో ఉంటుంది మా ఊరు. ఫోన్లు రేవు గట్టు మీద పలికేవి గానీ నీళ్ళ మీదికి వెళ్ళేసరికి నోరు మూసుకునేవి. అందుకని బోట్లలో చిన్న చిన్న వైర్‌లెస్ సెట్లు పెట్టుకునేవారు. అలాంటిదే ఒకటి రేవులో, బోట్ల సంఘం వారి రేకుల షెడ్డులో ఉండేది. తిరిగొచ్చే బోటు మొగ దగ్గరికి రాగానే ఏం చేప పడిందో సెట్టులో చెప్పేది. షెడ్డులో కూర్చున్న మనిషి ఐసుకి, చేప వేలంపాట పాడుకునే షావుకార్లకి కబురు పంపేవాడు. బోటు ఒడ్డుకి తగిలే వేళకి అందరూ సిద్ధంగా ఉండేవారు. ఆ కబురు అందకపోతే చేప ఎండలో పడి ఉండాల్సిందే. అంత ముఖ్యమైన సెట్టు ఉప్పుగాలికి తుప్పు పట్టి, ఒక రోజు ఉన్నట్టుండి ప్రాణం విడిచింది.

సరిగ్గా అప్పుడే నేను అమలాపురంలో ఇంజనీరింగ్ పూర్తి చేసి, ఉద్యోగం దొరక్క ఇంటికొచ్చి పడ్డాను. మా నాన్నగారికి రేవులో వలల కొట్టు ఉంది. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనేవారు కాదు. నేను ఎదురైనప్పుడల్లా కొట్టులో ఖాళీగా ఉన్న స్టూలు వైపు ఒకసారి చూసి ఊరుకునేవారు. తిట్టినా బాగుండేది. ఆ స్టూలు నాకు కలలోకి కూడా వచ్చేది, కాళ్ళతో నడుచుకుంటూ.

కాబట్టి కొత్త సెట్టు కొనాలా వద్దా అని సంఘం వాళ్ళు మాట్లాడుకుంటుంటే నేను మధ్యలో దూకాను. రేడియో అంటే ఇనప డబ్బా అనుకునే రోజులు పోయాయనీ, ఇప్పుడు రేడియో అంటే లెక్కలనీ, గాలిలో వచ్చే తరంగాన్ని అంకెలుగా మార్చి కంప్యూటర్‌కి ఇస్తే మిగతాదంతా అదే చూసుకుంటుందనీ ఊదరగొట్టాను. బెంగుళూరులో ఉన్న నా స్నేహితుడు అలా అంకెలుగా మార్చే చిన్న కార్డు పంపాడు. అమలాపురంలో ఇంటర్నెట్ షాపు ఎత్తేస్తున్న ఆయన దగ్గర పాత కంప్యూటర్ దొరికింది. సంఘం ప్రెసిడెంటు గారు చాలా పెద్దమనిషి. నేను చెప్పిందంతా కళ్ళు మూసుకుని విని, చివర్లో అడిగారు.

"ఆయ్, బాగుందండి. మరి ఇందులోంచి బోటు వాళ్ళతో మనం మాట్లాడ్డం ఎలాగండి?"

"మాట్లాడ్డం కుదరదండి. వినడం వరకే."

"పర్లేదులెండి. మా ఇంట్లో నా ఉద్యోగం కూడా అదే."

ఒప్పందం కుదిరింది. మా నూకరాజు మావయ్య, అంటే అమ్మకి స్వయానా తమ్ముడు, తన బోటు వేసుకుని ఒక రోజు వేటకి వెళ్తాడు. పొద్దుట్నుంచి ఆయన మాటలు షెడ్డులో శుభ్రంగా వినపడితే ఆ రేడియో గది నాది, అందులో ఉద్యోగం నాది. వినపడకపోతే స్టూలు నాది. ఆ మాట ఎవరూ అనలేదు గానీ, వెనకెక్కడో నిలబడ్డ నాన్నగారు చిన్నగా దగ్గారు.

ఇక్కడ కాస్త సాంకేతికం చెప్పక తప్పదు. పేజీ తిప్పేయకండి, కొబ్బరికాయలతో చెప్తాను.

పడవలోంచి కాయలు దించేటప్పుడు మనుషులు వరసగా నిలబడి చేతులు మారుస్తారు కదా, నా ప్రోగ్రామూ అలాంటిదే. మొదటివాడు గాలిలోంచి వచ్చే అంకెల్ని అందుకుంటాడు. రెండోవాడు ఆ రొదలోంచి మా బోటు గొంతు ఒక్కటే ఏరుతాడు. మూడోవాడు దాన్ని వినపడే మాటగా మారుస్తాడు. నాలుగోవాడు స్పీకర్‌కి అందిస్తాడు. ఒక్కొక్కరి మధ్య ఒక్కో గంప. ముందువాడు అందులో వేస్తాడు, వెనకవాడు అందులోంచి తీసుకుంటాడు. మా కాలేజీలో దీన్నే బఫరు అనేవారు. ఎవడు ఎప్పుడు చెయ్యి కదపాలో చెప్పడానికి పైన ఒక మేస్త్రీ ఉంటాడు, వాడు షెడ్యూలరు. వీళ్ళందరి పనీ చేసే మనిషి నిజానికి ఒక్కడే, ఆ ముసలి కంప్యూటర్. మేస్త్రీ ఎవరి వంతు అంటే ఆ వేషం కట్టి పని చేస్తుందన్నమాట.

గంప నిండితే ముందువాడు ఆగాలి. మిగతావాళ్ళు ఆగుతారు గానీ గాలి ఆగదు. మావయ్య సముద్రం మీద మాట్లాడుతూనే ఉంటాడు. కంప్యూటర్ చెయ్యి నెమ్మదైతే మొదటి గంప పొర్లి, కాయలు నీళ్ళలో పడతాయి. అంటే మాటలు పోతాయి. మొదటిసారి పెట్టి చూసినప్పుడు సరిగ్గా అదే జరిగింది. రేవులో కట్టేసిన బోటులోంచి మావయ్య నాలుగు ముక్కలు మాట్లాడితే షెడ్డులో రెండున్నర వినపడ్డాయి. మావయ్య భార్య మంగత్త అక్కడే నిలబడి వింటోంది. ఆవిడ మొహం మాడిపోయింది.

"పెద్దాయన మాట్లాడతంటే మధ్యలో కోసేత్తందేటి బాబూ నీ మిషను? దానికి మర్యాద నేర్పలేదా?"

ఆ మాట నాకు సూటిగా తగిలింది. కోనసీమలో పుట్టినవాణ్ణి. కాదు అని చెప్పాల్సి వచ్చినా 'ఆయ్, అలాగేనండి' అని చెప్పి, ఆ పని చేయకుండా ఊరుకునే నాగరికత మాది. అలాంటిచోట పెద్దవాళ్ళ మాట నీళ్ళపాలు చేసే యంత్రం పెడతానా? ఆ సాయంత్రమే కూర్చుని దానికి మర్యాద నేర్పాను.

ముందుగా మొదటి గంప తీసేసి, దాని బదులు హార్డ్ డిస్కులో ఖాళీ ఉన్నంతా రాసిచ్చేశాను. ఇక ఎన్ని మాటలొచ్చినా రండి రండి అని కూర్చోబెడుతుంది. ఎవర్నీ వెనక్కి పంపదు. తర్వాత స్పీకర్ ముందు కూడా పెద్ద గంప పెట్టాను. అది నిండా నిండితే తప్ప పలకదు. పలికితే మాట ముక్కలవకుండా, ముత్యంలా వస్తుంది. మూడో ఘనకార్యం ఇంకా ఉంది. తరంగాల్ని రంగురంగుల బొమ్మగా తెరమీద పారించే ముక్క ఒకటి ప్రోగ్రాములో ఉంది. దానివల్ల వినడానికి ఒరిగేదేమీ లేదు. కానీ చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ బొమ్మ దగ్గరే నోరు తెరుచుకుని నిలబడుతున్నారు. అందుకని మేస్త్రీతో చెప్పి బొమ్మకి మొదటి వంతు ఇప్పించాను. మాటల వంతు ఆ తర్వాతే.

మళ్ళీ పెట్టి చూశాను. కాసేపే చూశాను. అక్షరం పోలేదు. మంగత్త సంతోషపడి అరిసెలు పెట్టింది.

తెలివైన పాఠకులకి ఈపాటికి అర్థమైపోయి ఉంటుంది. బొమ్మ గీస్తూ కూర్చునే ముసలి కంప్యూటర్ మాటల్ని నెమ్మదిగా విప్పుతోంది. విప్పనివి లోపల పోగుపడుతున్నాయి. ఏదీ పారేయదు, వరస తప్పదు, ముందొచ్చిన మాటే ముందు. అంటే గంట గడిచేసరికి పావుగంట వెనకబడుతుంది. ఇంకో గంటకి ఇంకో పావుగంట. ఆ తెలివి నాకూ ఉండి ఉంటే బాగుండేది. అప్పుడు నాకున్నది ఉత్సాహం ఒక్కటే.

పరీక్ష రోజు తెల్లారింది. మిగతా బోట్లన్నీ ముందురోజే వేట ముగించుకుని వచ్చి, సెట్లు ఆపేసి రేవులో ఉన్నాయి, కాబట్టి ఊరంతా షెడ్డు దగ్గరే ఉంది. స్పీకర్ ఖంగుమంది. వల వేశామనీ, గాలి అనుకూలంగా ఉందనీ మావయ్య చెబుతుంటే పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంది. జనం చప్పట్లు కొట్టారు. ప్రెసిడెంటు గారు నా భుజం తట్టారు. నాన్నగారు వచ్చి, ఆ రంగుల బొమ్మ కేసి చాలాసేపు చూసి, కొట్టు వైపు చూడకుండా వెళ్ళారు. నా ఛాతీ షెడ్డు రేకులకి తగిలేంతగా పొంగింది.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక స్పీకర్ పలికింది. ఎండ నడినెత్తికి వస్తోందనీ, ఇప్పుడే అన్నాలు విప్పుతున్నామనీ మావయ్య అన్నాడు. సూర్యుడు అప్పటికి పడమటికి వాలుతున్నాడు. ఆయన ఇంత పొద్దుపోయి ఎప్పుడూ తినరే అని మంగత్త కాస్త నొచ్చుకుంది. సముద్రం మీద పని తగిలితే వేళాపాళా ఉండదని నేను నచ్చజెప్పాను. చూశారా, దేవుడు నాకు ఒక అవకాశం ఇచ్చాడు. నేను ఆయనకి కూడా నచ్చజెప్పాను.

కాసేపు స్పీకర్ మాట్లాడలేదు. గంప నిండుతోందన్నమాట. తర్వాత ఒక్కసారిగా మావయ్య గొంతు వచ్చింది, రొప్పుతూ.

"మొగలో ఇసక మేట మీదకి ఎక్కేసేం. ఇంజను పట్టేసింది. బోటు పక్కకి ఒరిగిపోతాంది. ఎవరైనా తాళ్ళట్టుకుని రండర్రా."

ఆ మేట సంగతి అందరికీ తెలుసు. ఒరిగిన బోటుని కెరటాలు రెండు దెబ్బలేస్తే విరిగి ముక్కలవుతుంది. మరుక్షణం జనం లేచారు. ఒకరు మా కొట్టులోంచి తాళ్ళ చుట్టలు మోసుకొచ్చారు. నాన్నగారే అందించారు. బోట్ల ఇంజన్లు ఒకదాని తర్వాత ఒకటి అందుకున్నాయి. పాటకి వచ్చిన షావుకార్లు పంచెలు ఎగ్గట్టి ఎక్కేశారు. ఐసు అబ్బాయిలు ఎక్కారు. టీ కొట్టు ఆయన పొయ్యిలో నీళ్ళు పోసి మరీ ఎక్కాడు. మంగత్తని వద్దన్నా వినలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తి మొదటి బోటెక్కింది. చిన్నప్పుడు నాకు ఈత నేర్పింది నూకరాజు మావయ్యే. ఆయన బతకాలి, అంతే. ఆ క్షణంలో ఉద్యోగం, స్టూలు, ఏవీ గుర్తు లేవు.

ప్రెసిడెంటు గారు నన్ను మాత్రం కదలొద్దన్నారు. సెట్టు దగ్గరే ఉండి, మళ్ళీ ఏమైనా పలికితే వినమన్నారు. రేవు ఖాళీ అయింది. గట్టు మీద ఒక కుక్క మిగిలింది. షెడ్డులో నేను, తెరమీద ఆ దిక్కుమాలిన రంగుల బొమ్మ. చెవి స్పీకర్‌కి ఆనించి, కళ్ళు మూసుకుని, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ కూర్చున్నాను. ద్రాక్షారామం భీమేశ్వరుడికి ఏం మొక్కుకున్నానో ఇప్పుడు చెప్పను, ఇంకా తీర్చలేదు.

ఎంతసేపు అలా ఉన్నానో తెలీదు. వెనక ఎవరో షెడ్డులోకి వచ్చిన అలికిడైంది. ఏమైపోయారు జనమంతా అని ఎవరో అడిగారు. నేను వెనక్కి తిరగలేదు. చెయ్యి ఎత్తి ఆగమన్నాను, ఎందుకంటే స్పీకర్ అప్పుడే ఉలిక్కిపడి లేచింది. మావయ్య గొంతు.

"పోటు వచ్చింది, మేట దిగిపోయేం. ఇంజను కూడా అందుకుంది. మడ అడవి వెనక పాయలోంచి వచ్చేత్తన్నాం. ఇంకెవరూ రావక్కర్లేదు."

నేను కుర్చీలోంచి ఎగిరాను. ఆనందంతో కళ్ళవెంట నీళ్ళు ధారలు కట్టాయి. వెనకున్నాయన్ని చూడకుండానే ఆయన చెయ్యి పట్టుకుని ఊపేశాను.

"విన్నారా అండీ! మా మావయ్య బయటపడ్డాడు! వచ్చేస్తున్నాడు!"

"ఆయ్. ఎంతలో వస్తాడంటావు?"

"ఇంకో అరగంటలో రేవులో ఉంటాడండి."

"అయితే నేనెవర్నిరా అల్లుడూ?"

తిరిగి చూశాను. నూకరాజు మావయ్య. మోకాళ్ళ దాకా బురద, భుజం మీద తడి తువ్వాలు, చేతిలో నిగనిగలాడే పండుగప్ప చేప. స్పీకర్‌లో ఇంకా ఆయనే మాట్లాడుతున్నాడు. బోటు దగ్గర పడుతోందనీ, ఐసు సిద్ధంగా ఉంచమనీ చెబుతున్నాడు. మావయ్య కాసేపు స్పీకర్ కేసి, కాసేపు తన కేసి చూసుకున్నాడు. తర్వాత, ఇద్దరిలో ఎవరి మాట నమ్ముతావురా అని నన్నే అడిగాడు. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం తటపటాయించాను. స్పీకర్‌లో గొంతు అంత స్పష్టంగా ఉంది మరి.

అప్పుడు అర్థమైంది. ఒక్క మాట పోకుండా దాచిన నా మర్యాదస్తురాలు గంటకి పైగా వెనకబడి ఉంది. మావయ్య మేట ఎక్కడం, సహాయం అడగడం, దిగడం, పాయ చుట్టి రావడం, ఖాళీ రేవుని చూసి ఊరికి ఏం ముంచుకొచ్చిందో అని బెంబేలెత్తడం, అన్నీ అయిపోయాయి. నేను వినేదల్లా ఎప్పుడో జరిగిపోయిన సంగతి. ఊరంతా పడవలెక్కి దాన్ని కాపాడటానికి వెళ్ళింది.

"మీ అత్త ఎక్కడ్రా?" అన్నాడు మావయ్య.

"మిమ్మల్ని వెతకడానికి మొగకి వెళ్ళింది."

మావయ్య చేతిలో చేప జారింది. గట్టు దిగి తన బోటులోకి దూకి, ఆపేసిన సెట్టు మళ్ళీ పెట్టి, తాను క్షేమంగా ఉన్నాననీ అందర్నీ తిరిగి రమ్మనీ కేకలేశాడు. మొగలో వెతుకుతున్నవాళ్ళకి నమ్మడానికి కొంత సమయం పట్టిందట. ఒక షావుకారు, ఇది దెయ్యం గొంతు అన్నాడట.

బోట్లు తిరిగొచ్చాయి. అందరూ షెడ్డులోకి వచ్చి మావయ్యని తడిమి చూసుకున్నారు. తర్వాత అందరూ నా వైపు తిరిగారు. గంపల సంగతి, మేస్త్రీ సంగతి, బొమ్మ సంగతి తడబడుతూ చెప్పాను. ప్రెసిడెంటు గారు మళ్ళీ కళ్ళు మూసుకుని విన్నారు. చాలా బాగా వినపడిందండి, ఆ విషయంలో వంక పెట్టలేం, కొత్త సెట్టు కొనేద్దాం అని తీర్పు ఇచ్చారు. అంతకంటే మర్యాదగా ఎవర్నీ ఎవరూ పీకేయలేరు. ఐసు కరిగిపోయింది గనక షావుకార్లు మావయ్య బోటులోని చేపని ఇళ్ళకే పంచుకున్నారు. నాన్నగారు వెళ్ళి కొట్టులో స్టూలు మీద దుమ్ము దులిపారు.

ఇంత గందరగోళంలో కంప్యూటర్ ఆపాలన్న ఆలోచన నాకు రాలేదు.

టీ కొట్టు ఆయన మళ్ళీ పొయ్యి రాజేసి, అందరికీ టీలు తెచ్చాడు. మంగత్త మావయ్యకి కాస్త దూరంగా, గోడకి ఆనుకుని కూర్చుంది. భయపడ్డావా అని ఎవరో ఆడమనిషి అడిగితే ఆవిడ పెదవి విరిచింది.

"నాకు భయమేటి? ఈయనెక్కడికి పోతారు? అందరూ ఎక్కేరు కదాని నేనూ ఎక్కేను, అంతే."

మావయ్య టీ గ్లాసులోకి చూస్తూ నవ్వాడు. అప్పుడు స్పీకర్ గరగరమంది. గంప నిండింది. మంగత్త గొంతు. మొగలో, బోటు సెట్టు పట్టుకుని మాట్లాడిన గొంతు. వెక్కుతోంది.

"ఏవండీ, వినపడతందా అండీ? పలకండి. మీరొచ్చేయండి, అదే సాలు. ఇంక చుట్ట కాల్చద్దని జన్మలో అనను. అరుగు మీద కూడా కాదండీ, నట్టింట్లో కూర్చుని కాల్చుకోండి. నేనే నిప్పందిత్తాను. రండి."

ఎవరూ టీ తాగలేదు. అక్షరం పోలేదు, ముక్క తెగలేదు. ముత్యాల్లాంటి మాటలు, ఒకటి తర్వాత ఒకటి. మంగత్త మొహం కందగడ్డలా ఎర్రబడింది. మావయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన వాటిని తుడుచుకోలేదు. తువ్వాలు మడతలోంచి నెమ్మదిగా ఒక చుట్ట తీసి, అటు ఇటు తిప్పి చూసి, తీసుకెళ్ళి అత్త ముందు నిలబడ్డాడు. నోట పెట్టుకుని, నిప్పు కోసం వంగాడు.

షెడ్డు రేకులు ఎగిరిపోయేలా నవ్వారు జనం. ప్రెసిడెంటు గారు అగ్గిపెట్టె అందించారు. అత్త గత్యంతరం లేక పుల్ల గీసింది. గీస్తున్నంతసేపూ ఆవిడ చూసింది చుట్ట కేసి కాదు, మావయ్య కేసీ కాదు, నా కేసి. ఆ తర్వాత లేచి వచ్చి, కంప్యూటర్ తీగ గోడలోంచి ఊడబెరికి నా చేతిలో పెట్టింది.

కాబట్టి, ఇన్నేళ్ళ తర్వాత, స్టూలు మీద కూర్చుని వలలు కొలిచిన చేతులు జోడించి, పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. హద్దు లేని గంప ఈ జన్మలో కట్టను. బొమ్మకి మొదటి వంతు ఇవ్వను. గంప నిండితే పాతమాట ఎంత పెద్దవారిదైనా మొహమాటం లేకుండా నీళ్ళలో పారేసి, కొత్తమాట అందుకుంటాను. ఇక ఆ మాట మంగత్తది అయితే, గంప నిండేదాకా కూడా ఆగను.